పచ్చసొన రంగు వేరు, అందులోని కొవ్వు వేరు

నెల్లూరు జిల్లా కావలి దగ్గరి ఒక గ్రామంలో, పెరటి కోళ్ళు పెంచుకునే మహిళల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం

అమ్మా, అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టించాను. ఒక్కొక్క దానిలో ఒక గుడ్డు పగలగొట్టి ఉంచాము. మొదటిది బజారులో కొన్న ఫారం గుడ్డు. రెండవది ఈ వీధిలోనే, చుట్టూ సిమెంటు చేసిన వాకిట్లో నూకలు తిని పెరుగుతున్న నాటు పెట్టది. మూడవది చెరువుకట్ట కింద పొలంలో తిరిగే పెట్టది. ముందు వరుసలో కూర్చున్న అమ్మను వచ్చి చూసి ఏది బలమైన గుడ్డో చెప్పమని అడిగితే, ఆమె తడుముకోకుండా నారింజ రంగు సొన ఉన్న పళ్ళేన్ని చూపింది. మీలో చాలామంది కూడా అదే చూపి ఉండేవారు. అయితే ఆ నారింజ రంగు సొన ఫారం గుడ్డుది.

సొనకు రంగు వచ్చేది మొక్కలలో ఉండే పసుపు, నారింజ వర్ణద్రవ్యాల వల్ల. పచ్చని ఆకులో, పచ్చ మొక్కజొన్నలో, బంతి పూలలో అవి ఉంటాయి. ఫారాలలో బంతి పూల సారం దాణాలో కలిపి తమకు కావలసిన రంగు తెప్పించుకోవచ్చు. నూకలలో ఆ వర్ణద్రవ్యాలు లేవు కనుక రెండవ పళ్ళెంలోని సొన వెలవెలబోతున్నది. పెంకు గోధుమ రంగులో ఉన్నదా తెల్లగా ఉన్నదా అన్నది కోడి జాతిని బట్టి వస్తుంది, మేతను బట్టి కాదు. ఈ రోజు నేను మాట్లాడవలసిన ఒమేగా కొవ్వులకు అసలు రంగే లేదు. వాటిని కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, నేను కూడా చెప్పలేను. కోడి ఏమి తిన్నదో తెలిస్తే మాత్రం చాలావరకు చెప్పవచ్చు. నాటు కోడి గుడ్డు అన్న పేరును చూసి ధర పెట్టడం మనకు అలవాటైపోయింది గాని, గుడ్డులోని కొవ్వుల తీరును నిర్ణయించేది ప్రధానంగా కోడి తిరిగే చోటు, తినే మేత. సిమెంటు వాకిట్లో నూకలు తినే నాటు పెట్ట గుడ్డుకూ ఫారం గుడ్డుకూ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఈ మాట మీలో కొందరికి నచ్చకపోవచ్చు, కాని నిజం ఇదే.

ఒమేగా అన్న మాట మందుల దుకాణాలలో ఎక్కువగా వినబడుతుంది కనుక అదేదో మందు అనుకుంటారు. అది కొవ్వు. నూనె అయినా, నెయ్యి అయినా, సొనలోని కొవ్వు అయినా చాలావరకు పొడవైన గొలుసుల వంటి ఆమ్లాలతో కట్టినదే. ఆ గొలుసులో కొన్ని లంకెలు జంటగా ఉంటాయి. గొలుసు తోక వైపు నుంచి లెక్కబెడితే మొదటి జంట లంకె మూడవ చోట వస్తే దానిని ఒమేగా-3 అనీ, ఆరవ చోట వస్తే ఒమేగా-6 అనీ అంటారు. ఈ రెండింటినీ మన శరీరం గాని కోడి శరీరం గాని సొంతంగా తయారు చేసుకోలేదు, మేతలోనుంచే రావాలి. ఆహారంలో కొవ్వు బొత్తిగా లేకపోతే ఎలుకలు జబ్బుపడతాయని 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు చూపారు. అప్పటిదాకా కొవ్వును ఒంటికి శక్తినిచ్చే కట్టెపుల్లగానే చూసేవారు.

ఒమేగా-6లో ముఖ్యమైనది లినోలిక్ ఆమ్లం. అది మేతలో సుమారు ఒక శాతం ఉండాలి, లేకపోతే గుడ్డు చిన్నదవుతుంది. మన కోళ్ళకు దాని కొరత సాధారణంగా రాదు, మొక్కజొన్నలోనూ తవుడులోనూ కావలసినంత ఉంటుంది. ఒమేగా-3లో ముఖ్యమైనవి మూడు రకాలున్నాయి. మొక్కలలో దొరికే చిన్న గొలుసు ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, చేపలలో ఎక్కువగా దొరికే పొడవాటి గొలుసులు ఈపీఏ, డీహెచ్ఏ. మెదడుకూ కంటికీ కావలసింది ముఖ్యంగా డీహెచ్ఏ. మనిషి శరీరం ఆకులోని చిన్న గొలుసును డీహెచ్ఏగా మార్చగలిగేది చాలా కొద్దిగా మాత్రమే. కోడి కాలేయం ఆ పనిలో మనకంటే నయం. పెట్ట గింజా ఆకూ తిని, తన కాలేయంలో కొంత డీహెచ్ఏ తయారుచేసి సొనలో పెట్టి మనకిస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. చిన్న గొలుసును పొడవు చేసే ఎంజైము, అంటే ఒంట్లో ఆ మార్పు జరిపించే పదార్థం, ఒమేగా-3కి వేరు, ఒమేగా-6కి వేరు కాదు, రెండింటికీ ఒకటే. రేషను కొట్టులో ఒకే తూకం ముందు రెండు వరుసలు నిలబడ్డట్టు ఉంటుంది వాటి పరిస్థితి. ఒమేగా-6 వరుస మరీ పొడవైతే ఒమేగా-3 వంతు వచ్చేసరికి పొద్దు గడిచిపోతుంది. కనుక ఒమేగా-3 మేత వేయడం ఒక్కటే చాలదు, ఒమేగా-6 ముంచెత్తకుండా కూడా చూసుకోవాలి. వంటింట్లో మిగిలిన పొద్దుతిరుగుడు నూనెను దాణాలో కలిపితే కోడికి బలమని ఒక ఊళ్ళో ఎవరో చెప్పారట. సాధారణ పొద్దుతిరుగుడు నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లమే, ఒమేగా-3 దాదాపు లేదు. గుడ్డు కొంచెం పెద్దదవుతుందేమో గాని, మనం కోరిన పనికి అది అడ్డం పడుతుంది.

ఇప్పుడు మన ఇళ్ళలో కోడికి పడేస్తున్న మేత సంగతి చూద్దాం. నెల్లూరు అంటే వరి, వరి అంటే నూకలూ తవుడూ. నూకలలో కొవ్వే తక్కువ కనుక ఒమేగాల ఊసు లేదు. తవుడు మాట వేరు. మిల్లు నుంచి వచ్చిన పచ్చి తవుడులో నూనె నూటికి పదిహేను నుంచి ఇరవై పాళ్ళ దాకా ఉంటుంది, ఆ నూనెలో మూడో వంతు లినోలిక్ ఆమ్లం, ఒమేగా-3 మాత్రం ఒకటి రెండు పాళ్ళే. పైగా మర పట్టిన క్షణం నుంచే తవుడులోని ఎంజైము నూనెను విరగగొట్టడం మొదలుపెడుతుంది. వారం రోజులు బస్తాలో నిలవ ఉన్న తవుడు చేదెక్కుతుంది. చెనక్కాయల చెక్క ప్రొటీనుకు మంచిదే గాని అందులో ఒమేగా-3 లేదనే చెప్పాలి. చెమ్మ తగిలి బూజు పట్టిన చెక్క అయితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరి నేరుగా కాలేయాన్నే దెబ్బ తీస్తుంది, డీహెచ్ఏ తయారు కావలసిన చోటు అదే. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో పండే సజ్జలు ఈ లెక్కలో మొక్కజొన్న కంటే మెరుగు. సజ్జలలో కొవ్వు కొంచెం ఎక్కువ, అందులో ఒమేగా-3 పాలు కూడా మొక్కజొన్నలో కంటే ఎక్కువ. అయినా గింజల వల్ల వచ్చేది కొద్దిపాటే. అసలు సరుకు ఆకులో ఉన్నది.

ఆకులో కొవ్వా అని ఆశ్చర్యపోకండి. గడ్డిపోచను పిండితే నూనె రాదు, నిజమే. పచ్చి ఆకులో కొవ్వు నూటికి ఒక పాలు కూడా ఉండదు. కాని ఎండ వెలుగును పట్టుకొని ఆహారం తయారుచేసే ఆ పచ్చని కణాల పొరలు కట్టినది ముఖ్యంగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంతోనే, కనుక ఆకులో ఉన్న ఆ కొద్ది కొవ్వులో సుమారు సగం ఒమేగా-3 అవుతుంది. పొద్దున్నే గంప ఎత్తగానే కోడి గట్టు మీద గడ్డి కొసలు తుంచుకు తినడం మీరు చూసే ఉంటారు. ఆ గడ్డి తినే మిడతలలోనూ ఒమేగా-3 ఉంటుంది. వానపాములో ఈపీఏ కూడా కొంత ఉంటుంది. కోడి దిబ్బ గీరుతుంటే విసుక్కుని తరుముతాము గాని, దానికి కావలసిన సరుకు అక్కడే ఉన్నది.

ఈ విషయంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ గ్రీసు దేశానిది. అక్కడ పుట్టి అమెరికాలో పనిచేసిన ఆర్టెమిస్ సిమోపౌలోస్ అనే వైద్యురాలు తమ ఊరివైపు పొలంలో స్వేచ్ఛగా తిరిగే కోళ్ళ గుడ్లను తీసుకుపోయి, నార్మన్ సేలం అనే శాస్త్రజ్ఞుడితో కలిసి పరీక్షించి, 1989లో ఒక వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అమెరికా బజారు గుడ్డులో ఒమేగా-3 ఒక పాలు ఉంటే ఒమేగా-6 పందొమ్మిది పాళ్ళకు పైగా ఉన్నది. ఆ పల్లె గుడ్డులో ఒకటికి 1.3 మాత్రమే. పల్లె కోళ్ళు తిన్నవాటిలో పురుగులూ అత్తిపండ్లూ ఉన్నాయి, వాటితో పాటు ఒక కలుపు మొక్క కూడా ఉన్నది. ఆ కలుపు మొక్క మన పాయలాకు. అవును, మీరు పప్పులో వేసుకునే గంగపాయలాకే. ఒక పల్లెలోని గుడ్ల లెక్క అది, మన పెరట్లో అదే అంకె వస్తుందని నేను మాట ఇవ్వను. కాని వంద గ్రాముల పచ్చి పాయలాకులో 300 నుంచి 400 మిల్లీగ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుందన్నది నమ్మదగ్గ లెక్క, ఆకుకూరలలో అది చాలా ఎక్కువ. మిరపచేలో కలుపు తీసి గట్టు మీద పారేసిన పాయలాకును ఇంటికి తెచ్చి కోళ్ళకు వేయండి, ఆ చేలో మందు కొట్టి ఉండకపోతేనే సుమా. కాల్షియం ఒంటికి అందకుండా అడ్డుపడే ఆక్సలేట్లు అందులో ఎక్కువ గనుక అదొక్కటే రోజంతా వేయవద్దు. మునగాకు, తోటకూర కలిపి వేయండి.

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలోనూ బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు మనమంతా కోళ్ళను బయటికి వదలడానికి భయపడ్డాము. అటువంటప్పుడు కోళ్ళను మూసి ఉంచడం సరైన పనే. అయితే మూసిన కోడికి ఆకు తనంతట తాను రాదు, మనమే తేవాలి. కట్ట కట్టి కోడి మెడ ఎత్తు కంటే కొంచెం పైన వేలాడదీస్తే అది ఎగిరెగిరి పొడుచుకుంటుంది. నేల మీద వేస్తే తినేదానికంటే తొక్కేదే ఎక్కువ.

ఇక అవిసె గింజల సంగతి. ముందుగా ఒక పొరపాటు సరిదిద్దాలి. అవిసె అన్న పేరు మన భాషలో రెండు మొక్కలకు ఉన్నది. నీలం పూలు పూసే చిన్న పైరు గింజ ఒకటి, నున్నగా మెరుస్తూ నువ్వు గింజకంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. మనకు కావలసింది అది. రెండవది తెల్లని పెద్ద పూలు పూసే అవిశ చెట్టు, దాని ఆకు కూర వండుకుంటారు. ఒక ఊళ్ళో నా మాట విని ఒకామె అవిశ చెట్టు కాయలు వలిచి గింజలు చేట నిండా తెచ్చి చూపింది. ఆమె తప్పు కాదు, నేను గింజను చూపకుండా పేరు మాత్రమే చెప్పి వచ్చాను. ఆ చెట్టు గింజలు కోళ్ళకు వేయకూడదు. అందుకే ఈ రోజు గింజలు పొట్లం కట్టి తెచ్చాను, వెళ్ళేటప్పుడు చేత్తో పట్టుకొని చూడండి.

అవిసె గింజ బరువులో నూటికి నలభై పాళ్ళు నూనె, ఆ నూనెలో సగానికి పైగా ఒమేగా-3. అంటే అయిదు గ్రాముల గింజలలో రెండు గ్రాముల నూనె, అందులో ఒక గ్రాముకు పైగా ఒమేగా-3. పెట్టకు రోజుకు అయిదు గ్రాములు చాలు. నా పిడికిట్లో ఎంత పడతాయో తూచి చూశాను, 45 గ్రాములు తూగాయి. మీ చేతులు నా చేతికంటే చిన్నవనుకున్నా, తొమ్మిది పది పెట్టలకు ఒక నిండు పిడికెడు అని లెక్క పెట్టుకోండి. గింజలను దోరగా వేయించి, చల్లారాక కచ్చాపచ్చాగా దంచి, తడి నూకలలోనో సజ్జపిండిలోనో కలిపి వేయాలి. దంచకుండా వేస్తే కందనకాయ కొంత నలుపుతుంది గాని, జారుడు గింజ గనుక కొన్ని అలాగే రెట్టలో బయటపడతాయి. వేయించమనడానికి వేరే కారణం ఉన్నది. పచ్చి అవిసెలో సయనైడును విడుదల చేసే పదార్థాలూ, బి6 విటమినుకు అడ్డు తగిలే పదార్థమూ ఉన్నాయి, వేడి తగిలితే కొంత తగ్గుతాయి. కోడిపిల్లలకు మాత్రం వేయించినవి కూడా పెట్టవద్దు, గుడ్లు పెట్టే పెట్టలకే పెట్టండి.

అయిదు గ్రాములతో ఇంత లాభముంటే ఇరవై గ్రాములు వేస్తే నాలుగు రెట్లు కదా అని అడుగుతారు. కాదు. మేతలో అవిసె పదోవంతు దాటితే కోడి మేత తగ్గిస్తుంది, రెట్ట జిగురుగా వస్తుంది, గుడ్డు బరువు తగ్గుతుంది, కొన్ని పెట్టల గుడ్డు చేపవాసన వేస్తుంది. మామూలు గుడ్డులో డీహెచ్ఏ 30 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా ఉంటే, అవిసె తిన్న పెట్ట గుడ్డులో అది 80 నుంచి 100 దాకా పెరిగి అక్కడ ఆగిపోతుంది, ఎందుకంటే కాలేయం మార్చగలిగేది అంతే. ఆపైన వేసిన అవిసె సొనలో చిన్న గొలుసుగానే నిలవ ఉంటుంది. దానివల్లా మేలు లేకపోలేదు గాని, పెట్టిన డబ్బుకు తగినంత రాదు.

ఈ రోజు వేస్తే రేపటి గుడ్డులో కనబడదు. పెట్ట కడుపులో సొన పెరిగేది చివరి పది పన్నెండు రోజులలో, పొర మీద పొరగా. కాబట్టి మేత మార్చిన రెండు మూడు వారాలకు గాని గుడ్డు పూర్తిగా మారదు. నాలుగు రోజులు వేసి మానేసినవారు నన్ను తిట్టుకోవద్దు. గుడ్డులోని మొత్తం కొవ్వు అయిదు గ్రాములే, అది పెరగదు, తగ్గదు, అందులోని రకాలు మారతాయి. కొలెస్ట్రాలు కూడా చెప్పుకోదగినంత తగ్గదు. తగ్గుతుందని చెప్పి అమ్మేవారిని నమ్మవద్దు.

సముద్రం పక్కనే ఉన్న మనకు చేప ఉండగా అవిసె ఎందుకు అన్నది న్యాయమైన ప్రశ్న. చేపలో డీహెచ్ఏ తయారుగా ఉంటుంది, కోడి మార్చే పని లేదు. కవళ్ళు, నెత్తళ్ళు వంటి చవక చేపలలోనే అది బాగా ఉంటుంది. అయితే ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తీరానికి దగ్గరి ఒక ఊళ్ళో కోళ్ళకు ఎండుచేప నలిపి వేయమని చెప్పాను, ఏ ఎండుచేపో చెప్పలేదు. వారం తర్వాత పోతే ఒక ఇంట్లో కోడిపిల్లలు తొట్టి చుట్టూ గుంపుకట్టి అదే పనిగా నీళ్ళు తాగుతున్నాయి, రెట్ట నీళ్ళలా పోతున్నది, పొట్టలు ఉబ్బాయి. పదిహేనింటిలో ఆరు చచ్చిపోయాయి. ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట అనలేదు, చచ్చిన పిల్లలను చేటలో పెట్టి నా ముందు ఉంచింది. వాటికి వేసింది ఉప్పుచేప. కోడి మేతలో ఉప్పు అరశాతం లోపు ఉండాలి. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలో బరువుకు అయిదోవంతు దాకా కూడా ఉప్పు ఉండవచ్చు. కనుక ఉప్పు తగలకుండా ఎండబెట్టిన నెత్తళ్ళనే కొనండి, ఇసుక దులిపి, నాలుక మీద వేసుకొని రుచి చూసి మరీ వేయండి. పెట్టకు రోజుకు రెండు మూడు గ్రాములు, అంటే రెండు మూడు చిన్న చేపలు చాలు. అంతకు మించితే గుడ్డుకు నీచువాసన పడుతుంది. రొయ్య తలకాయలు ఉడికించి ఎండబెట్టి పొడి చేసి ఇదే కొలతలో వేయవచ్చు.

ఈ కొవ్వులన్నిటికీ ఒక బలహీనత ఉన్నది. జంట లంకెలు ఎక్కువ కనుక గాలి తగిలితే త్వరగా పాడవుతాయి. దంచిన అవిసె పొడిని నెల రోజులు డబ్బాలో ఉంచితే అందులో మిగిలేది ఒమేగా-3 కాదు, కంపు. వారానికి సరిపడా దంచుకోండి, అంతకంటే వద్దు. చేదెక్కిన నూనెలు కోడిపిల్లల మేతలో చేరితే ఒంట్లోని విటమిన్ ఇ ఖర్చయిపోయి చిన్నమెదడు దెబ్బతింటుంది. పిల్ల నిలబడలేక తూలి వెల్లకిలా పడి, తల వెనక్కి విరుచుకొని కాళ్ళు తన్నుకుంటుంది. కొక్కెర తెగులులోనూ మెడ తిరుగుతుంది కనుక చాలామంది దీనిని తెగులనుకొని గుళ్ళో మొక్కుకొని ఊరుకుంటారు. టీకా వేసిన పిల్లలలో ఈ లక్షణం కనబడితే మొదట దాణా బస్తాను వాసన చూడండి. పచ్చి ఆకులో, మొలకెత్తిన గింజలలో విటమిన్ ఇ ఉంటుంది. ఒమేగా-3 మేత వేసేవారు ఆకు కూడా వేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మరి ఇంత శ్రమపడి తెచ్చిన గుడ్డు ఎవరికి ఉపయోగం? పెద్దలకు రోజుకు ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 250 మిల్లీగ్రాములు ఉంటే మంచిదంటారు. వారానికి రెండు మూడుసార్లు కవళ్ళ పులుసు తినే ఇంట్లో ఈ గుడ్డు వల్ల పెద్ద తేడా రాదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. చేప ముట్టరు గాని గుడ్డు తింటారు అన్న ఇళ్ళు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలోని గర్భిణులకూ ఎదిగే పిల్లలకూ ఇది నిజంగా పనికొస్తుంది. సముద్రానికి దూరంగా ఉన్న కనిగిరి, పామూరు వైపు మెట్ట గ్రామాలలో మరీ పనికొస్తుంది.

వెనక నుంచి ఒకామె పొదుగుకు పెట్టే గుడ్ల సంగతి అడిగారు. మంచి ప్రశ్న, నేనే ముందు చెప్పి ఉండవలసింది. గుడ్డులో పెరిగే పిల్లకు ఇరవై ఒక్క రోజులూ ఆ గుడ్డులో ఉన్నది తప్ప వేరే మేత లేదు. దానికి కావలసిన శక్తిలో నూటికి తొంభై పాళ్ళు సొన కొవ్వు నుంచే వస్తుంది, చివరి వారంలో సొనలోని డీహెచ్ఏను పిల్ల ఏరుకున్నట్టు తీసుకొని మెదడుకూ కంటికీ చేరవేసుకుంటుంది. కనుక పెట్ట పొదుగుకు కూర్చున్నాక మేత మార్చినందువల్ల ఆ పిల్లలకు ఏమీ చేరదు. పొదిగించాలనుకున్న గుడ్లు పెట్టడానికి మూడు వారాల ముందే, పెట్ట ఇంకా గుడ్లు పెడుతుండగానే అవిసె, ఆకు మొదలుపెట్టండి. మీ పెట్ట ఇప్పటికే గంపలో కూర్చున్నదంటున్నారు కదా, దానిని అలాగే ఉండనివ్వండి, కిందికి దిగినప్పుడు నీళ్ళూ గింజలూ అందుబాటులో పెట్టండి. ఈ మేత వచ్చే కాపుకు మొదలుపెడదాం.